దత్తం చేసింది ఎవరు? దోషులుగా నిలబడింది ఎవరు?

సైక్స్–పికో ఒప్పందం పేరు వినని ముస్లిం కార్యకర్త నేడు అరుదు. 1916 మే నెలలో బ్రిటన్ తరఫున మార్క్ సైక్స్, ఫ్రాన్స్ తరఫున జార్జి పికో రహస్యంగా కుదుర్చుకున్న ఆ ఒప్పందం అరబ్బుల నేలను ఎలా పంచిందో మన సభలలో తరచు చెప్పుకుంటాం. పాలస్తీనా దుఃఖాన్ని వివరించేటప్పుడు ఆ గీత దగ్గరే కథ మొదలుపెడతాం. అది సబబే. కానీ రాజంపేటలో కూర్చుని డమాస్కస్ సరిహద్దును గురించి మాట్లాడగలిగిన మనం, మన కాళ్ళ కింది నేల ఏ ఒప్పందంతో ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో మన పిల్లలకు చెప్పలేకపోతున్నాం. 1800 అక్టోబర్ 12 అనే తేదీకి మన ఇళ్ళలో గుర్తింపు లేదు.

మనం చెప్పని చరిత్రను ఇతరులు చెబుతారు, తమకు అనుకూలంగా చెబుతారు. ‘నిజాం నవాబు సీమను తెల్లవాళ్ళకు అమ్ముకున్నాడు’ అన్న మాట ఈ ప్రాంతపు వేదికల మీద కొత్తది కాదు. వెనుకబాటుతనం గురించి, నీళ్ళ గురించి మాట్లాడేవారు దానిని పాతకాలపు అన్యాయానికి గుర్తుగా వాడుకుంటూ వచ్చారు. ఇటీవలి కాలంలో ఆ మాటకు ఒక తోక చేరింది. ‘నవాబు’ అన్నచోట ‘మీవాళ్ళు’ అని వినబడుతోంది. రెండు శతాబ్దాల కిందటి ఒక సంతకానికి ఇవాళ దూది ఏకేవాడు, గాజులు అమ్మేవాడు, ఆటో తోలేవాడు, కువైట్‌లో ఇళ్ళ పని చేసే తల్లి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తోంది.

ఈ సంజాయిషీ మనం చెప్పనవసరం లేదు. ఆ సంతకం మన తరఫున ఎవరూ పెట్టలేదు. ఆ బేరంలో ఈ సీమ హిందువు ఎంత సరుకో ముస్లిమూ అంతే సరుకు. ఈ సంగతిని ఆవేశంతో కాక, తేదీలతో చెప్పడం మన బాధ్యత.

ఫ్రెంచివారి భయం, ఇంగ్లీషువారి బేరం

రాయలసీమ చేతులు మారిన కథ రాయలసీమలో మొదలు కాలేదు. అది సముద్రతీరంలో, రెండు యూరపు దేశాల వైరంలో మొదలైంది. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్, తన సింహాసనాన్ని కాపాడిన ఫ్రెంచి సేనల జీతాల కింద ఉత్తర సర్కారులను బుస్సీకి అప్పగించాడు. డబ్బుకు బదులు నేల ఇచ్చి పరాయి సైన్యాన్ని పోషించే పద్ధతి తెలుగునాట అలా ప్రవేశించింది. ఐదేళ్ళు తిరిగేసరికి ఇంగ్లీషువారు వచ్చారు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. ఫ్రెంచివారికి రాసిచ్చిన అదే సలాబత్ జంగ్, మరుసటి నెలలో మచిలీపట్నం ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి రాసిచ్చాడు. తర్వాత కుంఫిణీ 1765లో ఢిల్లీ చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా తెచ్చుకుంది. 1766 నవంబర్‌లో నిజాం అలీ ఖాన్‌తో ఒప్పందం చేసుకుంది. ఒకే నేలకు ఢిల్లీ కాగితం ఒకటి, హైదరాబాదు కాగితం ఒకటి. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా ఉన్న రైతును అడిగిన కాగితం మాత్రం లేదు.

అప్పటి ఒప్పందాలు మన వాస్తవానికి ఎంత దూరంగా ఉండేవో ఒక్క ఉదాహరణ చాలు. 1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, స్పెయిన్ సంధి చేసుకున్నాయి. ఫ్రెంచివారి వర్తక స్థావరాలు వారికి తిరిగి దక్కాయి. అదే సంధిలో రెండు యూరపు రాజ్యాలు కలిసి దక్కను సుబాకు న్యాయమైన అధిపతి సలాబత్ జంగ్ అని అంగీకరించాయి. అయితే అంతకు ముందటి ఏడాదే సలాబత్ జంగ్‌ను తమ్ముడు నిజాం అలీ గద్దె దించి బీదరు కోటలో బంధించాడు. చెరలో ఉన్న మనిషిని పారిస్‌లో అధిపతిగా గుర్తించారు. దక్కనులో ఎవరు పాలిస్తున్నారో చూసుకోవలసిన అవసరం కూడా ఆ సంధి రాసినవారికి కలగలేదు.

ఆ వైరపు గుర్తు మన మ్యాపులో ఇంకా చెరిగిపోలేదు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం చుట్టూరా ఆంధ్రప్రదేశ్ ఉంది. అక్కడివారి భాష తెలుగు. అయినా యానాం పరిపాలన పుదుచ్చేరిది. రెండు వర్తక రాజ్యాలు యుద్ధాల తర్వాత ఇచ్చిపుచ్చుకున్న లెక్కలే అందుకు కారణం.

ఇప్పుడు మన సీమకు వద్దాం. 1798 నాటికి హైదరాబాదులో ఫ్రెంచి అధికారి రేమండ్ తయారుచేసిన పెద్ద సేన ఉంది. ఆ ఏడాది మార్చిలో రేమండ్ చనిపోయాడు. నెపోలియన్ ఈజిప్టుకు దండెత్తి వచ్చాడు. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ ఫ్రెంచి సాయం కోసం మారిషస్‌కు దూతలను పంపాడు. ఫ్రెంచివారు మళ్ళీ కాలు మోపుతారన్న భయంతో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ 1798 సెప్టెంబర్ 1న నిజాంతో సైన్య సహకార ఒప్పందం చేయించాడు. అక్టోబర్‌లో ఫ్రెంచి అధికారుల కింది సిపాయిల చేత ఆయుధాలు కింద పెట్టించారు. వారి స్థానంలో కుంఫిణీ సేన వచ్చింది. ఖర్చు నిజాం ఖజానాది, ఆజ్ఞ ఇంగ్లీషువారిది. ఆ ఖర్చే రెండేళ్ళకు మన మెడకు చుట్టుకుంది.

ఇరవై ఒక్క ఏళ్ళలో నాలుగు సర్కారులు

రాజంపేట, నందలూరు, సిద్ధవటం, చిట్వేలి ప్రాంతాల మనిషి ఆ కాలంలో ఎందరికి శిస్తు కట్టాడో లెక్క వేద్దాం.

1779కి ముందు ఇది కడపను ఏలిన మయానా నవాబుల రాజ్యం. ఆ ఏడాది హైదర్ అలీ దండెత్తి, పెన్న ఒడ్డున ఉన్న సిద్ధవటం కోటలో చివరి నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను పట్టుకుని శ్రీరంగపట్నానికి తరలించాడు. నేల మైసూరుదయింది. హైదర్ తర్వాత టిప్పు వచ్చాడు. 1790లో కుంఫిణీ, పూనా పేష్వా, నిజాం ముగ్గురూ కూటమి కట్టి టిప్పు మీదికి వెళ్ళారు. 1792 మార్చి 18న శ్రీరంగపట్నం సంధితో టిప్పు సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. గెలిచిన ముగ్గురూ దానిని సమానంగా పంచుకున్నారు. పంపకానికి కొలత చదరపు మైళ్ళు కాదు, జనం మాట్లాడే భాష కాదు, ఏరు కాదు, కొండ కాదు. శిస్తు ఆదాయం. ఏటా సుమారు 13 లక్షల వరహాల ఆదాయం వచ్చే నేల ఒక్కొక్కరికి. ఆ జాబితాలో గండికోట, కడప నిజాం వంతుకు వచ్చాయి. 1799 మే నెలలో టిప్పు వీరమరణం పొందాడు. జూన్ 22న జరిగిన మైసూరు పంపకం ఒప్పందంలో గుత్తి, గుర్రంకొండ కూడా నిజాంకు చేరాయి.

నిజాం వాటిని ఎంతకాలం ఉంచుకున్నాడు? కడపను ఎనిమిదేళ్ళు, గుర్రంకొండను ఏడాదికి కొంచెం పైన. 1800 అక్టోబర్ 12న రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ సమక్షంలో హైదరాబాదులో కొత్త ఒప్పందం కుదిరింది. కుంఫిణీ తన సేనను ఎనిమిది పటాలాల సిపాయిలకు, రెండు ఆశ్విక దళాలకు పెంచుతుంది. ఆ సేన ఖర్చు కింద నిజాం 1792లోను, 1799లోను తాను పొందిన నేలనంతా శాశ్వతంగా కుంఫిణీకి వదులుకుంటాడు. యుద్ధంలో వాటాగా వచ్చిన నేల కావలి కూలి కింద పోయింది.

ఆ ఒప్పందంలోని ఆరో షరతును మనం ప్రత్యేకంగా చూడాలి. తుంగభద్రకు ఉత్తరాన ఉన్న కొప్పళ, గజేంద్రగడ వంటి తావులు నిజాంకు తిరిగి ఇచ్చి, వాటికి బదులు నదికి దక్షిణాన ఉన్న ఆదోని మొదలైనవి కుంఫిణీ తీసుకుంది. సరిహద్దు గీత చక్కగా, స్పష్టంగా ఉండడమే కారణమని అందులోనే రాసుకున్నారు. ఆదోనిలోని ఒక ముస్లిం నేతగానికీ కొప్పళలోని ఒక లింగాయతు రైతుకూ ఆ రోజుతో ప్రభువులు తారుమారయ్యారు. అది వారి మతం వల్లనో భాష వల్లనో జరిగింది కాదు. గీత తిన్నగా రావాలని జరిగింది.

ఇలా 1779 నుంచి 1800 దాకా ఇరవై ఒక్క ఏళ్ళలో నవాబు, మైసూరు, నిజాం, కుంఫిణీ అని నాలుగు సర్కారులు మారాయి. ఇందులో ముస్లిం పాలకుడు ముస్లిం పాలకుడిని చెరపట్టాడు. ముస్లిం నిజాం, హిందూ పేష్వా, క్రైస్తవ కుంఫిణీ భాగస్వాములై టిప్పు రాజ్యాన్ని కోసుకున్నారు. ఇది మతాల కథ అని చెప్పేవారు ఈ నాలుగు పేర్లను వరసగా పెట్టి చూపించాలి. మతం లెక్కన ఏ రెండు అడుగులూ కలవవు. ఆదాయం లెక్కన చూస్తే అన్నీ కలుస్తాయి.

దత్తమన్న పేరు

ఇచ్చినవాడు మరచిపోయాడు, పుచ్చుకున్నవాడు వెళ్ళిపోయాడు. పేరు మాత్రం మన మీద మిగిలింది. ఇంగ్లీషువారు ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్నారు, మనం ‘దత్త మండలాలు’ అన్నాం. ఒక ప్రాంతానికి దాని కొండ పేరు, ఏటి పేరు, జనం పేరు కాక, అది చేతులు మారిన తీరే పేరయింది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరును వదిలి ‘రాయలసీమ’ అనే పేరు పెట్టుకున్నారు. అయినా సినిమా వ్యాపారంలో ఈనాటికీ మనది ‘సీడెడ్ ఏరియా’యే. వసూళ్ళ లెక్క చెప్పేటప్పుడు నైజాం, సీడెడ్, ఆంధ్ర అంటారు. ఎవరు ఎవరికి ఎప్పుడు రాసిచ్చారో తెలియని కుర్రవాడు కూడా ఆ మాట వాడుతున్నాడు.

ఆ పేరు కింద బతికినవారు ఏం అనుభవించారు? దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. సుమారు ఎనభై మంది పాలెగాళ్ళను అణచి, భూమిని కొలిపించి, రైతువారీ శిస్తు కట్టాడు. ఆయన పేరు మన ప్రాంతంలో గౌరవంగా చెప్పుకునేవారు ఉన్నారు. కథలూ ఉన్నాయి. ఆ గౌరవాన్ని మేము కించపరచడం లేదు. కానీ 1807లో వెళ్ళేముందు ఆ మన్రోయే శిస్తును నాలుగో వంతు తగ్గించాలని పైవారికి రాశాడు. అంటే కట్టిన శిస్తు ఈ ఎండునేల మోయలేనంతగా ఉందని కట్టించిన అధికారే ఒప్పుకున్నాడు. పైవారు అప్పుడు వినలేదు. ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన తర్వాతనే అది అమలులోకి వచ్చింది. ఆ మధ్యకాలమంతా అదనపు భారాన్ని మోసింది ఈ నేల రైతే. ఆ రైతు రెడ్డి అయినా, బోయ అయినా, షేక్ అయినా, దూదేకుల అయినా శిస్తు ఒకటే.

కర్నూలు సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1800 తర్వాత అక్కడి నవాబును కుంఫిణీకి పేష్కష్ కట్టే సామంతుడిగా ఉంచారు. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేస్తున్నాడనీ, వహాబీ ఉద్యమంతో సంబంధం ఉందనీ ఆరోపించి కుంఫిణీ సేన కర్నూలును ఆక్రమించింది. ఆయనను తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి ఏడాది ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. ఏడేళ్ళకు అదే సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ‘నవాబులు అమ్ముకున్నారు’ అన్నవారికి ఈ రెండు పేర్లు పక్కపక్కన వినబడాలి. సంతకం పెట్టిన నవాబు ఉన్నాడు, రాజ్యం పోగొట్టుకుని చెరలో చచ్చిన నవాబూ ఉన్నాడు. కుంఫిణీకి లొంగిన పాలెగాళ్ళు ఉన్నారు, ఉరికంబమెక్కిన పాలెగాడి వారసుడూ ఉన్నాడు. లొంగుబాటుకూ తిరుగుబాటుకూ మతం కొలత కాదు.

ఇదే న్యాయంతో మనవారికి కూడా ఒక మాట చెప్పాలి. కొన్ని వేదికల మీద మన యువకులు నిజాం వైభవాన్ని తమ వైభవంగా చెప్పుకుంటున్నారు. నిజాం మన పూర్వీకులను ఒక్క రోజు తలచుకుని ఉంటే ఆ షరతుల్లో ఒక్క వాక్యమైనా మన గురించి ఉండేది. పాలకుడి కీర్తిలో వాటా అడిగితే, పాలకుడి నేరంలోనూ వాటా ఇస్తారు. రెండూ మనవి కావు. మనది పాలితుల చరిత్ర. సిద్ధవటం కోట గోడల మధ్య గుడి ఉంది, మసీదు ఉంది, దర్గా ఉంది. కోట చేతులు మారినప్పుడల్లా ఆ మూడింటి దగ్గర దీపం పెట్టినవారు మాత్రం ఈ చుట్టుపక్కల ఊళ్ళ మనుషులే. వారే మన పూర్వీకులు.

కువైట్ ఇసుకలో అదే పెన్సిలు

రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు ఊళ్ళలో కువైట్‌తో సంబంధం లేని ముస్లిం వీధి కనబడదు. మన పిల్లలు వీసా కోసం నిలబడే ఆ దేశపు సరిహద్దు కూడా ఇలాంటి చేతులే గీశాయి. 1922 చివరలో ఉఖైర్ అనేచోట గుడారంలో బ్రిటిష్ హైకమిషనర్ పెర్సీ కాక్స్ ఎర్ర పెన్సిలు తీసుకుని నజ్ద్‌కూ ఇరాక్‌కూ కువైట్‌కూ మధ్య గీతలు గీశాడు. కువైట్ అమీరు అక్కడ లేడు. ఆయన తరఫున కూర్చున్నది ఒక బ్రిటిష్ అధికారి. కువైట్ తనదని చెప్పుకున్న నేలలో సుమారు మూడింట రెండు వంతులు ఆ గీతతో పోయింది. ఆ తర్వాతి కాలంలో ఆ ప్రాంతం చూసిన తగాదాలకు, యుద్ధానికి ఆ గీతల నీడ ఉంది. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చినప్పుడు మన జిల్లా కూలీలు చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఇంటికి చేరారు. లండన్‌లో ఒకరు, హైదరాబాదు రెసిడెన్సీలో ఒకరు, అరేబియా గుడారంలో ఒకరు గీసిన గీతలు చివరికి ఒకే కుటుంబం నెత్తిన పడగలవు.

1884–85లో బెర్లిన్‌లో పద్నాలుగు రాజ్యాలు ఆఫ్రికా పంపకానికి నియమాలు రాసుకున్నప్పుడు ఆ బల్ల చుట్టూ ఒక్క ఆఫ్రికావాసి లేడు. 1947లో అంతకు ముందెన్నడూ భారతదేశం చూడని న్యాయవాది రాడ్‌క్లిఫ్ జూలై 8న వచ్చి, ఐదారు వారాల్లో పంజాబును, బెంగాలును కోశాడు. ఆ గీత ఎక్కడ పడిందో ప్రజలకు తెలిసింది ఆగస్టు 17న, స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు. దానికి ముందు జరిగిన 1946 ఎన్నికల్లో ఓటు పన్ను కట్టేవారికి, ఆస్తి ఉన్నవారికి, చదువుకున్నవారికి మాత్రమే ఉండేది. రాజంపేటలోని ముస్లిం కూలీకి ఓటు లేదు, మాట లేదు. ఆయన మనవడిని ‘దేశాన్ని చీల్చింది మీరే’ అని అడిగేవారు, ఆ రోజున ఆ తాతకు ఎవరు ఏ హక్కు ఇచ్చారో ముందు చెప్పాలి.

గీత మార్చినవారు కాగితం అడుగుతున్నారు

ఇదంతా పాతకథ అయితే ఇంత రాయనవసరం లేదు. ఈ చరిత్ర నేడు మన మసీదు గుమ్మం దగ్గరికి వచ్చింది.

సీమలో ప్రతి పెద్ద ఊరిలో ఒక దర్గా, ఒక ఈద్గా, ఒక ఖబ్రస్తాన్, ఒక పీర్ల చావిడి ఉంటాయి. వాటిలో చాలావాటికి దీపానికి, ఖిద్మత్‌కు ఏనాటి పాలకుడో ఇచ్చిన ఇనాం భూమి ఉండేది. అది నోటిమాటగా ఇచ్చిందో, సనదు రాసి ఇచ్చిందో, ఏ సర్కారు ఇచ్చిందో ఇప్పటి ముతవల్లీకి తెలిసే అవకాశం తక్కువ. నాలుగు సర్కారులు వరసగా మారినప్పుడు ఒకరి ముద్ర మరొకరికి చెల్లలేదు. కుంఫిణీ వచ్చాక కొలతలు మారాయి. 1850ల చివర నుంచి మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ ఒక్కో ఇనామును విచారించి రిజిస్టరులోకి ఎక్కించింది. స్వాతంత్ర్యం తర్వాత 1956 నాటి ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇన్ని జల్లెడలు దాటి మిగిలినదే నేటి వక్ఫ్ భూమి.

తరతరాలుగా నమాజు చదివే చోటికి, శవాలను పూడ్చే చోటికి కాగితం లేకపోయినా ఆ వాడుకే సాక్ష్యమన్న న్యాయం వక్ఫ్ చట్టంలో ఉండేది. 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అనే ఆ భావనను ఇకముందుకు తొలగించింది. ముందే నమోదైనవాటికి రక్షణ ఉందని చెబుతూనే, వివాదంలో ఉన్నవాటిని, ప్రభుత్వ భూమి అన్నవాటిని మినహాయించింది. 2025 సెప్టెంబర్ 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపింది. ప్రభుత్వ భూమా, వక్ఫ్ భూమా అన్నది ప్రభుత్వాధికారే తేల్చే ఏర్పాటు వాటిలో ఒకటి. కానీ వాడుక ద్వారా వక్ఫ్ తొలగింపును, తప్పనిసరి నమోదును నిలపలేదు.

మేము అడిగేది సూటి ప్రశ్న. 1779లో ఒక ముద్ర, 1792లో ఒక ముద్ర, 1800లో ఒక ముద్ర మార్చినది సర్కారులు. రికార్డులు తమ కచేరీలలో పెట్టుకున్నది సర్కారులు. ఏ సర్కారు కాలంలోనూ ఆ ఫకీరు వారసుడిని, ఆ ముజావరును సంప్రదించలేదు. ఇప్పుడు కాగితం చూపే భారం మాత్రం అతని మీద ఎలా పడుతుంది? ఇది ముస్లింలకే పరిమితమైన అన్యాయం అని కూడా మేము అనడం లేదు. అడవి అంచున తరాలుగా సాగు చేసి పట్టా లేని గిరిజనుడు, ఊరి బయట డి.కె.టి. భూమి పట్టుకుని రికార్డులో పేరు లేక తిరిగే దళితుడు ఇదే ప్రశ్న అడుగుతున్నారు. వారితో కలిసి అడగడమే మనకు బలం.

మనం చేయవలసింది

మొదటిది మన చేతిలో ఉన్న పని. ప్రతి మసీదు కమిటీ, ప్రతి దర్గా కమిటీ తమ సర్వే నెంబర్లకు సంబంధించిన ఇనాం రిజిస్టరు నకలు, పాత సెటిల్‌మెంటు రికార్డు, వక్ఫ్ గెజిట్ ప్రతి తీసి ఒకచోట భద్రపరచాలి. కోర్టులో కన్నీళ్ళ కంటే ఆ నకళ్ళకే విలువ. నమోదు పనిని ఎవరో చూసుకుంటారని వదిలివేయకూడదు. చదువుకున్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ పనిలోకి రావాలి. ఇంట్లో కంప్యూటరు తెలిసిన అమ్మాయి ఉంటే ముతవల్లీ ఆమె సాయం అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

రెండవది ప్రభుత్వాన్ని అడగవలసింది. దత్త మండలాల కాలం నుంచి ఉన్న ఇనాం, సర్వే రికార్డులు శిథిలం కాకముందే అన్నిటినీ స్కాన్ చేయించి, ధార్మిక సంస్థలకు, అవి ఏ మతానివైనా, ధ్రువీకరించిన నకళ్ళు రుసుము లేకుండా ఇవ్వాలి. ఏ వక్ఫ్ మీదనైనా ప్రభుత్వం ‘ఇది మాది’ అంటే, ముందు తన దగ్గర ఉన్న రికార్డునంతా బయట పెట్టాలి. తాళం తన దగ్గర పెట్టుకుని పెట్టెలో ఏముందో చెప్పమనడం న్యాయం కాదు.

మూడవది పాఠ్యపుస్తకాల సంగతి. 1792, 1799, 1800 ఒప్పందాలను ‘నిజాం ఇచ్చాడు, బ్రిటిష్‌వారు పుచ్చుకున్నారు’ అన్న ఒక్క వాక్యంతో ముగించకుండా, ఎందుకు, ఏ లెక్కన, ఎవరి భయంతో జరిగాయో సీమ పిల్లలకు నేర్పాలి. ఫ్రెంచి–ఇంగ్లీషు వైరం, శిస్తు లెక్క, సేన ఖర్చు తెలిసిన పిల్లవాడు పక్క బెంచీలోని ముస్లిం పిల్లవాడిని వేలెత్తి చూపడు.

నాలుగవది సమ్మతి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు అన్నమయ్య జిల్లాకు కేంద్రంగా రాయచోటిని నిర్ణయించారు. లోక్‌సభ నియోజకవర్గం పేరు తమ ఊరిదై ఉండగా కేంద్రం ఇక్కడ లేకపోవడం మీద రాజంపేట ప్రజలు బందులు చేశారు, రోడ్డెక్కారు. అందులో అన్ని మతాలవారూ ఉన్నారు. రాయచోటివారు మనవాళ్ళే. మన తగాదా ఆ ఊరితో కాదు. అయితే ఆనాటికీ ఈనాటికీ ఉన్న తేడా గుర్తించాలి. 1800లో అభ్యంతరం చెప్పడానికి చోటే లేదు. ఇప్పుడు ముసాయిదా ప్రకటన ఉంది, గడువు ఉంది, అర్జీ ఉంది, ధర్నా ఉంది, ఓటు ఉంది. రాజ్యాంగం ఇచ్చిన ఈ తేడాను మనం వాడుకోవాలి. జిల్లా గీత కానివ్వండి, వార్డు గీత కానివ్వండి, నియోజకవర్గ పునర్విభజన కానివ్వండి, ముసాయిదా వచ్చిన రోజే మన మొహల్లా ఎటు పడుతుందో చూసి, రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చే అలవాటు చేసుకోవాలి.

ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది మన విశ్వాసం. నేరం చేసినవాడికే శిక్ష అన్నది ఈ దేశపు చట్టం. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. 1800 అక్టోబర్ 12న హైదరాబాదులో సంతకాలు పెట్టినవారి దోషం వారిదే. మన పూర్వీకులు ఆ రోజు కడప సీమలో ఉన్నారు. పొలంలో, మగ్గం దగ్గర, దూది కమాను కింద పనిలో ఉన్నారు. ప్రభువు మారాడన్న కబురు వారికి దండోరా వేస్తేనే తెలిసింది. వారి వారసులమైన మేము ఎవరికీ సంజాయిషీ ఇవ్వం. లెక్క అడుగుతాం.